దూరం కాలమవుతుందా?

చికాగో నుంచి కారులో సుమారు గంట ప్రయాణం చేస్తే, మిచిగాన్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్క్ వస్తుంది. అందులో వెస్ట్ బీచ్ అనే చోట ఇసుక దిబ్బల మీదుగా చెక్కలు పరిచిన బాట ఒకటి ఉంది. పొడవు మైలుకు అటూ ఇటూ ఉంటుంది, మెట్లు మాత్రం రమారమి 250. దాని పేరు డ్యూన్ సక్సెషన్ ట్రెయిల్, అంటే దిబ్బల మీద మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి స్థిరపడే అనుక్రమాన్ని చూపించే బాట. అడవుల్లో నడకదారులు సాధారణంగా మనల్ని ఒక జలపాతం దగ్గరికో, ఒక శిఖరం మీదికో చేరుస్తాయి. ఈ బాట ఒక వాదనలోంచి నడిపిస్తుంది. నీటి అంచున వట్టి ఇసుక, కాస్త పైన గడ్డి, దిబ్బ వెనక పైన్ చెట్లు, ఇంకా లోపలికి ఓక్ అడవి. ఇవి పక్కపక్కన ఉన్న నాలుగు వేరువేరు చోట్లు కావనీ, ఒకే చోటు బతుకులోని నాలుగు వయసులనీ, సరస్సుకు దూరంగా వేసే ప్రతి అడుగూ కాలంలో ముందుకు వేసే అడుగేననీ ఈ బాట చెబుతుంది. ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడమే ఈ అధ్యాయం పని. ఇలాంటి దారిని నమ్మకంతో కాక పరీక్షకుడి కళ్లతో నడిస్తేనే అది తన దగ్గర ఉన్నదంతా మనకు ఇస్తుందని నా వాదన.

ఈ ఆలోచన పుట్టిన చోటు కూడా ఇదే ఇసుక. హెన్రీ చాండ్లర్ కౌల్స్ చికాగో విశ్వవిద్యాలయానికి భూగర్భశాస్త్రం మీద ఆసక్తితో వచ్చి వృక్షశాస్త్రంలో స్థిరపడ్డాడు. డెన్మార్క్ శాస్త్రవేత్త యుజెనియస్ వార్మింగ్ మొక్కల సమూహాల గురించి రాసిన పుస్తకం చదవడానికి డేనిష్ భాష నేర్చుకున్నాడు. మిచిగాన్ ఒడ్డు దిబ్బల మీద చేసిన పరిశోధనకు 1898లో డాక్టరేట్ పొంది, మరుసటి ఏడాది దాన్ని వ్యాసాలుగా ప్రచురించాడు. అప్పటివరకు వృక్షశాస్త్రం ఎక్కువగా ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందో పట్టికలు రాసే శాస్త్రం. భూగర్భశాస్త్రం చదివినవాడు కావడంతో కౌల్స్‌కు నేల కదులుతుందని తెలుసు. దిబ్బ పుడుతుంది, పెరుగుతుంది, గాలికి జరుగుతుంది, ఆగుతుంది. దాని మీది మొక్కలు కూడా ఆ కదలికలో భాగమేనని అతను చూశాడు. 1913లో యూరప్ నుంచి వచ్చిన వృక్షశాస్త్రవేత్తల బృందం అమెరికాలో తప్పక చూడాలని కోరిన చోట్లలో ఈ దిబ్బలు ఒకటి కావడానికి కారణం ఆ పరిశోధనే.

బాట మొదట్లో, నీటి అంచున దాదాపు ఏమీ ఉండదు. చలికాలపు అలలు ఏటా అక్కడంతా తుడిచిపెడతాయి కాబట్టి, వేసవిలో మొలిచి అదే వేసవిలో గింజ రాల్చేసే సీ రాకెట్ లాంటి దళసరి ఆకుల మొక్కలే ఆ కొద్ది నెలలు గడుపుకుంటాయి. నాలుగడుగులు పైకెక్కితే మారమ్ గడ్డి మొదలవుతుంది. దిబ్బను కట్టే మేస్త్రి ఇదే. దగ్గరకు వంగి చూస్తే దుబ్బులు చాలాచోట్ల గీత గీసినట్టు వరుసలో కనిపిస్తాయి. ఇసుక కింద అడ్డంగా పాకే కాండం కణుపు కణుపు దగ్గరా పైకి ఒక పిలక, కిందికి వేళ్లు వేస్తూ పోవడం వల్ల వచ్చే వరుస అది. ఆకులు గాలి వేగాన్ని తగ్గిస్తాయి. వేగం తగ్గిన గాలి మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. ఇసుక మీద పడి గడ్డిని పూడ్చేస్తే, గడ్డి కాండం పైకి సాగి కొత్త కణుపు దగ్గర మళ్లీ వేళ్లు వేస్తుంది. ఇలా ఏడాదికి మీటరు దాకా పూడిక పడ్డా బతికి బయటపడగల మొక్క ఇది. విచిత్రమేమిటంటే ఇసుక పడడం ఆగిపోతే ఈ గడ్డే నీరసిస్తుంది. పూడిక లేని పాత ఇసుకలో వేళ్లను తినే సూక్ష్మమైన పురుగులూ బూజులూ పేరుకోవడం దీనికి ఒక కారణం. ఆపదలా కనిపించే ఇసుక దానికి ఊపిరి. నడిచేవాళ్లు బోర్డు మీద గడ్డి పేరు చదివి ముందుకు సాగిపోకుండా, ముందు వరసలో పచ్చగా నిటారుగా ఉన్న దుబ్బులనూ, దిబ్బ వెనక పలచబడి ఎండు ఆకులే మిగిలిన దుబ్బులనూ పోల్చి చూస్తే కాలం ఎలా పనిచేస్తుందో అక్కడే అర్థమవుతుంది.

గడ్డి నిలబెట్టిన దిబ్బ మీదికి తర్వాత వచ్చేది కాటన్‌వుడ్ చెట్టు. దూది లాంటి నూగుతో ఎగిరే దాని గింజ తేమగా ఉన్న వట్టి ఇసుకలోనే మొలుస్తుంది. ఒకసారి పాతుకుంటే దాన్నీ పూడ్చడం కష్టమే. మాను చుట్టూ ఇసుక పెరిగేకొద్దీ పూడిన మానుకే కొత్త వేళ్లు పుడతాయి. దిబ్బ పైన మనిషెత్తు పొదలా కనిపించేది నిజానికి లోపల చాలా లోతున పాదు ఉన్న పెద్ద చెట్టు కొన అయి ఉండవచ్చు. దిబ్బ కొనకు అవతల, గాలి మళ్లిన వైపు జాక్ పైన్, జూనిపర్ కనిపిస్తాయి. జాక్ పైన్ ఉత్తరపు చలి ప్రాంతాల చెట్టు, అది పెరిగే మేరకు ఇది దక్షిణపు హద్దు దగ్గరి చోటు. ఆ వెనక బ్లాక్ ఓక్ అడవి. ఇక్కడికి వచ్చేసరికి వేసవిలో కూడా కాలి కింద వేడి తగ్గిపోతుంది. వట్టి ఇసుక పైపొర మధ్యాహ్నానికి 50 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఆకుల పొర కింద విత్తనం మొలవగలిగినంత చల్లదనం ఉంటుంది.

ఇక అసలు తర్కం. ఒక మనిషి వందేళ్ల మార్పును కూర్చుని చూడలేడు. అందుకని వేరువేరు వయసుల చోట్లను ఒకే రోజు చూసి, వాటిని వరుసలో పేర్చి, ఒకే చోటు కథగా చదువుతాం. పెళ్లి పందిట్లో పసిపాపనూ, పదేళ్ల పిల్లనూ, పెళ్లికూతురినీ, ముత్తవ్వనూ ఒకేసారి చూసి మనిషి ఎలా ఎదుగుతాడో గ్రహించడం లాంటిదే ఇది. ఈ పద్ధతికి బలం ఉంది, బలహీనత కూడా ఉంది. పసిపాప ముత్తవ్వ అవుతుందన్నది నిజమే. అయితే ముత్తవ్వ బాల్యం ఈ పాప బాల్యంలా గడవలేదు. ఆమె పుట్టినప్పుడు ఊళ్లో కరెంటు లేదు, బడి లేదు. వరుసలో పేర్చగానే మనం తెలియకుండానే ఒక ఊహను కూడా అంటగడతాం. అన్ని చోట్లూ ఒకే రకంగా మొదలయ్యాయనీ, వాటి మీద ఒకే రకం సంఘటనలు జరిగాయనీ, వాటి మధ్య తేడా వయసొక్కటేననీ అనుకుంటాం. ఈ ఊహ నిలుస్తుందా అన్నదే దిబ్బల శాస్త్రం వందేళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్న.

మొదటి గట్టి పరీక్ష పెట్టినవాడు జెర్రీ ఓల్సన్. 1958లో ప్రచురించిన అధ్యయనంలో అతను దిబ్బల వయసును ఊహించకుండా కొలిచాడు. చెట్ల వార్షిక వలయాలు, పాత సర్వే పటాలు, అప్పటికి కొత్తగా వచ్చిన రేడియోకార్బన్ పద్ధతి, ఇవన్నీ వాడాడు. ఇక్కడ ప్రకృతి ఒక సౌకర్యం చేసిపెట్టింది. హిమయుగం చివర్లో మంచుపలక వెనక్కి తగ్గినప్పుడు నేటి సరస్సు కంటే ఎత్తయిన నీటిమట్టంతో ఒక పాత సరస్సు ఉండేది. దాని మట్టం అంచెలంచెలుగా దిగుతూ గ్లెన్‌వుడ్, కాల్యుమెట్, టోల్‌స్టన్ అనే పాత తీరాల గట్లను లోతట్టున వదిలింది. అందువల్ల నిన్నమొన్నటి ఇసుక నుంచి పన్నెండు వేల ఏళ్ల ఇసుక దాకా ఒకే ప్రాంతంలో దొరుకుతుంది. ఓల్సన్ ఆ మట్టిని పరీక్షించాడు. కొత్త ఇసుకలో సున్నపురాయి నలిగిన పొడి ఉంటుంది. దాని మీద పలుచని ఆమ్లం చుక్క వేస్తే బుసబుస నురగ వస్తుంది. పాత దిబ్బ పైపొరల ఇసుకకు నురగ రాదు. వాననీరు ఆ సున్నాన్ని కిందికి కడిగేయడానికి సుమారు వెయ్యేళ్లు పట్టిందని లెక్క తేలింది. నత్రజని కూడా మొదటి వెయ్యేళ్లలో పేరుకుని, ఆ తర్వాత దాదాపు నిలకడగా ఉండిపోయింది. మొక్కల వరుస మొదటి భాగం కౌల్స్ చెప్పినట్టే ఉంది, పైగా వేగంగా ఉంది. వందా నూటయాభై ఏళ్లలోనే పైన్ స్థానంలోకి బ్లాక్ ఓక్ వచ్చేస్తోంది.

కథ చివరి భాగం మాత్రం తప్పు అని తేలింది. ఈ ప్రాంతంలో అనుక్రమం చివరకు బీచ్, మేపుల్ చెట్ల దట్టమైన అడవిగా ముగుస్తుందని కౌల్స్ కాలంలో అనుకున్నారు. పన్నెండు వేల ఏళ్ల దిబ్బ మీద కూడా ఓల్సన్‌కు కనిపించింది బ్లాక్ ఓక్ అడవే. సున్నం పోయి ఆమ్లగుణం పెరిగిన పేద ఇసుకకు ఓక్ ఆకుల ఎరువు కూడా పేదదే. పేద ఆకు పేద నేలను ఇస్తుంది, పేద నేల ఓక్‌నే నిలుపుతుంది. బీచ్, మేపుల్ చెట్లు పెరిగిన చోట్లు వేరు. అవి గాలి తగలని, తేమ నిలిచే లోయలూ వాలులూ. అవి వయసులో ముదిరిన దిబ్బలు కావు, మొదటి నుంచీ వేరే దారి పట్టిన దిబ్బలు. ఇది ఒక సవరణ మాత్రమే అనుకోకూడదు. ఒకే గీత మీద పేర్చిన చోట్లలో కొన్ని అసలు ఆ గీతకే చెందవని దీనితో తేలింది.

దీనికంటే పెద్ద అభ్యంతరం 1988లో వచ్చింది. ఈ దిబ్బల మధ్య పల్లాల్లో వరుసగా చెరువులున్నాయి. కొత్త చెరువులు సరస్సు దగ్గర, పాతవి దూరాన ఉంటాయి. చెరువు క్రమంగా పూడి, మొక్కలు మారుతూ, నేలగా మారిపోతుందనడానికి ఇవి పాఠ్యపుస్తకపు ఉదాహరణలు. స్టీఫెన్ జాక్సన్, అతని సహచరులు చెరువు అడుగు బురదను గొట్టాలతో తీసి, అందులో పొరలుగా మిగిలిన పుప్పొడినీ, గింజల ముక్కలనూ చదివారు. వరుసగా పేర్చిన చోట్లను వదిలి, ఒకే చెరువు సొంత చరిత్రను చూడడమన్నమాట. పాత చెరువులో మొక్కల సమూహం చాలాకాలం పెద్దగా మారనే లేదు. ఇప్పుడు కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం గత నూటయాభై ఏళ్ల పైచిలుకు కాలంలో, వలసవచ్చినవాళ్లు స్థిరపడి నేలనూ నీటినీ కదిలించాక వచ్చినవి. వయసు చేసిందనుకున్న పని మనిషి చేశాడు. 2008లో ఎడ్వర్డ్ జాన్సన్, కియోకో మియానిషి ఇలాంటి ఆధారాలను కూడగట్టి, కౌల్స్ దిబ్బలతో సహా అనుక్రమానికి పేరుపడ్డ ఉదాహరణలను మళ్లీ విచారించి, స్థలాన్ని కాలానికి బదులుగా వాడే పద్ధతి మీద పెట్టుకున్న నమ్మకం చాలాచోట్ల నిలవదని రాశారు.

మరి అలాంటప్పుడు ఈ బాట అబద్ధం చెబుతోందా, బోర్డులు పీకేయాలా? నేను ఒప్పుకోను. కారణాన్ని కౌల్స్ శిష్యుడి పనిలోనే చూడవచ్చు. విలియం స్కిన్నర్ కూపర్ 1916లో అలాస్కాలోని గ్లేసియర్ బే దగ్గర, హిమానీనదం వెనక్కి తగ్గి బయటపడ్డ వట్టి నేల మీద చిన్న చతురస్రాలు గుర్తుపెట్టి, వాటిలో మొలిచే మొక్కలను నమోదు చేయడం మొదలుపెట్టాడు. అదే చోటును మళ్లీ మళ్లీ చూస్తూ పోవడం అతను ఎంచుకున్న దారి. ఆ చతురస్రాలను ఇటీవల తిరిగి వెతికి పట్టుకున్నారు, నూరేళ్ల రికార్డు చేతికి వచ్చింది. ఈలోగా 1995లో క్రిస్టఫర్ ఫాస్టీ అక్కడి చెట్ల వలయాలు చదివి, పాత చోట్ల అడవి చరిత్ర కొత్త చోట్ల అడవి చరిత్రలా లేదని చూపించాడు. దగ్గర్లో విత్తన వృక్షాలున్నాయా లేదా అన్నదే దారులను మార్చేసింది. అంటే స్థలాన్ని కాలంగా చదివిన లెక్క తప్పింది. కానీ అది తప్పిందని తెలిసింది ఎలా? ఆ లెక్క ఏం జరగాలో స్పష్టంగా చెప్పింది కాబట్టి. ఫలానా చోటు ఒకప్పుడు ఫలానాలా ఉండి ఉండాలి అని చెప్పినప్పుడే, వలయాలనో పుప్పొడినో తవ్వి చూసి అలా లేదు అనగలం. వెస్ట్ బీచ్ బాట కూడా అలాంటి స్పష్టమైన మాటే చెబుతోంది. దాన్ని తీర్పుగా తీసుకుంటే పొరపాటు పడతాం. పరీక్షకు నిలబెట్టిన ఊహగా తీసుకుంటే, అక్కడున్న ప్రతి చెట్టూ సాక్షి అవుతుంది.

పైగా అభ్యంతరాలన్నీ తీసేశాక మిగిలేది తక్కువేమీ కాదు. ఏ మొక్క ఏ పని చేస్తుందన్నది చెక్కుచెదరలేదు. గడ్డి ఇసుకను ఆపుతుంది, ఆగిన ఇసుక మీదే నీడ పుడుతుంది, నీడలో ఆకు కుళ్లి మట్టి నల్లబడుతుంది, వాన సున్నాన్ని కడుగుతుంది. ఇవి కొలిచి తేల్చుకున్న పనులు. పడిపోయిందల్లా ఈ పనులన్నీ ఒకే గమ్యానికి, ఒకే తేదీ పట్టికతో నడుస్తాయన్న భాగమే. నిజానికి కౌల్స్‌కు కూడా ఆ పట్టిక మీద పూర్తి నమ్మకం లేదు. మారుతున్న వృక్షసంపద వెంటాడే గమ్యం కూడా మారుతూనే ఉంటుందని 1901లోనే రాశాడు. అతని పేరుతో చెప్పుకునే కథ అతను రాసినదానికంటే సూటిగా తయారైంది.

గమ్యం మారడమే కాదు, దారి వెనక్కి కూడా తిరుగుతుంది. ఇదే పార్కులో తూర్పున మౌంట్ బాల్డీ అనే 126 అడుగుల దిబ్బ ఏడాదికి సుమారు నాలుగు అడుగుల చొప్పున లోపలికి జరుగుతూ తన వెనకున్న ఓక్ అడవిని పూడ్చేస్తోంది. 2013 జులైలో ఆరేళ్ల బాబు ఒకడు ఆ దిబ్బ మీద నడుస్తూ హఠాత్తుగా ఇసుకలోకి కూరుకుపోయాడు. గంటల తరబడి తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. తర్వాత భూగర్భ పరిశోధకులు కారణం కనిపెట్టారు. పూడిపోయిన ఓక్ మానులు లోపల కుళ్లిపోయినా, వాటి చుట్టూ బూజుల చర్య వల్ల ఇసుక సున్నంతో గట్టిపడి, ఖాళీ గొట్టాల్లా నిలిచిపోయాయి. వరుసలో చివరిదనుకున్న ఓక్ అడవి ఇక్కడ దిబ్బ కింద ఉంది, మొదటిదనుకున్న వట్టి ఇసుక దాని పైన ఉంది. వెస్ట్ బీచ్ బాటలో బోర్డులు చెప్పే కథకు ఎదురుసాక్ష్యం అదే పార్కులో దొరకడం నాకు ఎంతో విలువైన సంగతిగా తోస్తుంది. వీలున్నవాళ్లు రెండు చోట్లా నడవాలి.

ఇలా ఒక విషయానికి కట్టుబడ్డ బాటల మీద ఇంకో అభ్యంతరం ఉంది. బోర్డు చూపించిందే కన్ను చూస్తుంది, మిగతా అడవి కనుమరుగవుతుంది అంటారు. అందులో నిజం ఉంది. ఈ బాటలో అనుక్రమం కోసమే చూసేవాళ్లకు నిప్పు పాత్ర తట్టకపోవచ్చు. ఇక్కడి ఓక్ అడవి పలచగా, వెలుతురు పడేలా ఉండడానికి వయసు ఒక్కటే కారణం కాదు. ఎప్పటికప్పుడు మంటలు రావడం, పొటవాటమి ప్రజలు నేలను కాల్చుకోవడం కూడా కారణాలు. మంటలు ఆపేశాక నీడ చిక్కబడింది, లూపిన్ మొక్కలు తగ్గాయి. లూపిన్ ఆకులు తప్ప ఇంకేమీ తినని గొంగళిపురుగు గల కార్నర్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక ఒకప్పుడు ఇక్కడ ఎగిరేది, ఇప్పుడు ఈ పార్కులో లేదు. పార్కు వాళ్లు ఇప్పుడు పనిగట్టుకుని, జాగ్రత్తగా నిప్పు పెడుతున్నారు. అయితే ఏ ప్రశ్నా లేకుండా నడిచేవాళ్లకు ఇంతకంటే ఎక్కువ కనిపిస్తుందా అంటే అనుమానమే. ప్రశ్న లేని కంటికి చెట్లన్నీ పచ్చదనమే. ఒక ప్రశ్న పట్టుకున్న కన్ను, ఆ ప్రశ్నకు లొంగని దాన్ని కూడా పట్టుకుంటుంది. ఇంత వయసొచ్చినా ఈ అడవి ఎందుకు చిక్కబడలేదు అని అడిగినవాళ్లే నిప్పు దాకా చేరతారు. ఇది ఎక్కడి తీరంలోనైనా పనికొచ్చే అలవాటు. బాపట్ల, శ్రీకాకుళం ఒడ్డున బాలబందు తీగ, రావణాసురుని మీసాలు ఇసుకను పట్టి ఉంచడం చూసినవాళ్లు మారమ్ గడ్డి పనిని వెంటనే గుర్తుపడతారు. ఆ వెంటనే వచ్చే సరుగుడు తోపు మాత్రం కాలం తెచ్చింది కాదు, మనిషి నాటింది. ఆ తేడా అడగకుండా వరుస పేర్చితే ఇండియానా చెరువుల పొరపాటే మళ్లీ జరుగుతుంది.

మనిషి చేయిని లెక్కలోంచి తీసేసి ఈ దిబ్బలను చదవడం అసలు కుదరదు. 1906లో ఇదే తీరంలోని గేరీలో ఉక్కు కర్మాగారం నిర్మాణం మొదలైంది. మిచిగాన్ సిటీ దగ్గర 200 అడుగుల హూజియర్ స్లైడ్ అనే దిబ్బను గాజు తయారీకి, కట్టడాలకు తవ్వి తవ్వి 1920 నాటికి నేలమట్టం చేశారు. వెస్ట్ బీచ్‌లో కూడా ఇసుక తవ్వకాలు సాగాయి. 1916లో చికాగోలో జరిగిన విచారణలో ఈ దిబ్బలను కాపాడాలని సాక్ష్యం చెప్పినవాళ్లలో కౌల్స్ ఉన్నాడు. రాష్ట్ర ఉద్యానం 1925లో, జాతీయ సరస్సుతీరం 1966లో, నేషనల్ పార్క్ హోదా 2019లో వచ్చాయి. బాట చెక్కలతో ఉండడానికి కారణం కూడా నడిచేవాళ్ల పాదాలే. మీటరు ఇసుక మీద పడినా చావని మారమ్ గడ్డి, రోజూ తొక్కే కాళ్లకు చస్తుంది. దాని అడ్డ కాండం తెగితే అక్కడ గాలి గుంట తవ్వుతుంది, ఆ గుంట పెరిగి దిబ్బనే కదిలిస్తుంది. మెట్లు దిగి గడ్డిలోకి అడుగుపెట్టకపోవడం మర్యాద కోసం చేసే పని కాదు, చూడడానికి వచ్చిన సాక్ష్యాన్ని చెరపకుండా ఉండడం.

ఇప్పుడు ఈ బాట మొదటి కొస దగ్గర ఒక అరుదైన అవకాశం ఉంది. మిచిగాన్ సరస్సు నీటిమట్టం 2013 జనవరిలో రికార్డు స్థాయికి పడిపోయింది. ఏడేళ్లు తిరిగేసరికి 2020లో సుమారు ఆరడుగులు పెరిగి, చాలా నెలలకు ఆ నెలల రికార్డులను దాటింది. అలలు ముందు వరస దిబ్బలను కోసేశాయి, చాలాచోట్ల గడ్డి ఉన్న దిబ్బ ముఖం నిలువునా తెగింది. ఆ తర్వాత నీరు తగ్గుతూ వచ్చింది. కోసుకుపోయిన చోట మళ్లీ పుట్టే దిబ్బకు వయసు ఊహించనక్కర లేదు, వలయాలు లెక్కపెట్టనక్కర లేదు. దాని మొదటి ఏడాది మనకు తెలుసు. అదే చోట నిలబడి ఏటా అదే నెలలో ఫొటో తీస్తే చాలు. సీ రాకెట్ ముందు వచ్చిందా, మారమ్ పక్క దుబ్బుల నుంచి పాకి వచ్చిందా, విత్తనం నుంచి మొలిచిందా, తేమ నిలిచిన గుంటలో కాటన్‌వుడ్ మొలక ఎన్నో ఏట కనిపించింది అన్నవన్నీ, కౌల్స్‌లా స్థలం నుంచి ఊహించకుండా, కూపర్‌లా అక్కడే ఉండి చూసి తేల్చుకోవచ్చు.